అడిగిందాకా ఆగే పనితనం

పైథాన్‌లో ఒక కొత్త ఆర్డర్ తయారుచేశాం. కస్టమర్ ఐడీ 7 అని ఇచ్చాం. సెషన్‌లో చేర్చాం. వెంటనే ఆ ఆర్డర్‌ని పట్టుకుని నీ కస్టమర్ ఎవరని అడిగాం. జవాబు 'నన్'. అంటే ఎవరూ లేరు. 7 అనే నంబరు పక్క కాలమ్‌లోనే ఉంది. కస్టమర్ల టేబుల్లో ఏడో నంబరు మనిషి నిక్షేపంలా ఉన్నాడు. అయినా ఆబ్జెక్ట్ మాత్రం నాకెవరూ లేరు పొమ్మంటుంది.

పైథాన్ ఓఆర్‌ఎం లైబ్రరీ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాడటం మొదలుపెట్టినవాళ్ళు తొలినాళ్ళలో కొట్టుకునే గోడల్లో ఇదొకటి. ఎంత తరచుగా కొట్టుకుంటారంటే, దాని అధికారిక డాక్యుమెంటేషన్‌లో 'తరచూ అడిగే ప్రశ్నలు' విభాగంలో దీనికి ప్రత్యేకంగా ఒక శీర్షికే ఉంది. అక్కడి ఉదాహరణలోనూ నంబరు 7 కావడం విశేషం. జవాబు సూటిగా ఉంటుంది: ఇది బగ్ కాదు, ఫారిన్ కీ (ఆ 7 ఉన్న కాలమ్) మార్చినంత మాత్రాన సంబంధిత ఆబ్జెక్ట్ దానంతటదే వచ్చి కూర్చునేలా మేము దీన్ని కట్టలేదు. మొదటిసారి చదివినప్పుడు మొండితనం అనిపిస్తుంది. లోపలికి వెళ్ళి చూస్తే అది మొండితనం కాదు, చాలా శ్రద్ధగా గీసుకున్న గీత.

ఓఆర్‌ఎంతో పరిచయం లేనివాళ్ళకి రెండు మాటలు. డేటాబేస్‌లో ఉండేవి టేబుళ్ళు, రోలు, కాలమ్‌లు. ప్రోగ్రామ్‌లో ఉండేవి ఆబ్జెక్టులు, వాటి మధ్య లింకులు. ఆర్డర్ రోలో కస్టమర్ ఉండడు, అతని నంబరు మాత్రమే ఉంటుంది. ప్రోగ్రామర్‌కి కావలసింది నంబరు కాదు, పేరూ చిరునామాతో సహా మనిషి. ఈ రెండు లోకాల మధ్య తిరిగే మధ్యవర్తి ఓఆర్‌ఎం. చదివేటప్పుడు ఈ మధ్యవర్తిత్వం తేలికే. అసలు పరీక్ష కొత్త రికార్డు సృష్టించినప్పుడు వస్తుంది. అప్పుడే పుట్టిన ఆబ్జెక్ట్‌లో సగం సంగతులు ప్రోగ్రామ్‌కి తెలుసు, సగం డేటాబేస్‌కి మాత్రమే తెలుసు. ఐడీ ఎంతో డేటాబేస్ చెప్పాలి. డిఫాల్ట్ విలువలు అది నింపాలి. లింకులో ఉన్న రికార్డులు ఎక్కడినుంచి, ఎప్పుడు, ఎన్ని క్వెరీలతో తేవాలో ఓఆర్‌ఎం తేల్చుకోవాలి.

మైక్ బేయర్ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ తొలి వెర్షన్‌ని 2006 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. అప్పటికే జావాలో గావిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్ ఉంది, రూబీలో రైల్స్ దుమ్ము రేపుతోంది. మార్టిన్ ఫౌలర్ 2002లో వెలువరించిన 'ప్యాటర్న్స్ ఆఫ్ ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ ఆర్కిటెక్చర్' పుస్తకం ఈ రంగంలో అందరికీ ఉమ్మడి పదకోశం ఇచ్చింది. అందులోంచి రైల్స్ 'యాక్టివ్ రికార్డ్' పద్ధతిని తీసుకుంది, పేరుతో సహా. బేయర్ ఎత్తుకున్నవి మరి కొన్ని: డేటా మ్యాపర్, యూనిట్ ఆఫ్ వర్క్, ఐడెంటిటీ మ్యాప్, లేజీ లోడ్. పుస్తకంలో ఇవి విడివిడి ప్యాటర్న్‌లు. వీటిని ఒకదానితో ఒకటి బిగించి, కీచుమనకుండా తిరిగేలా చేయడం దగ్గరే పనివాడి చెయ్యి తెలుస్తుంది.

ఆ బిగింపు జరిగే చోటు సెషన్. ఒక ఆబ్జెక్ట్ సెషన్‌తో ఏ సంబంధంలో ఉందనే దాన్నిబట్టి దానికి స్థితులుంటాయి. ఇంకా సెషన్‌లో చేరనిది ట్రాన్సియెంట్. చేరింది కానీ డేటాబేస్‌కి ఇంకా వెళ్ళనిది పెండింగ్. వెళ్ళి రోగా మారినది పర్సిస్టెంట్. తీసేసినది డిలీటెడ్. సెషన్ నుంచి విడిపోయినది డిటాచ్డ్. మన ఆర్డర్ ఇప్పుడు పెండింగ్. కల్లంలో ఉన్న ధాన్యాన్ని గిడ్డంగి లెక్కలో రాయరు కదా, అలాగే పెండింగ్ ఆబ్జెక్ట్‌కి డేటాబేస్‌లో ఉనికి ఉన్నట్టు సెషన్ లెక్కగట్టదు. ఉనికి లేనిదానికి లింకులు వెతకదు. అందుకే 'నన్'. ఇక్కడ ఒక సున్నితం ఉంది. ఆ 'నన్'ని ఆబ్జెక్ట్ మీద రాసిపెట్టదు. అడిగినందుకు చూపిస్తుంది, అంతే. కాబట్టి సెషన్‌ని ఒకసారి ఫ్లష్ చేసి, రో డేటాబేస్‌లో పడ్డాక, అదే ప్రశ్న మళ్ళీ అడిగితే ఏడో నంబరు కస్టమర్ వచ్చి నిలబడతాడు. ముందు చెప్పిన 'లేరు' అనే మాట దానికి అడ్డుపడదు.

ఈ నిర్ణయాలు తీసుకునే కోడ్ ఒకే చోట ఉంది. ఓఆర్‌ఎం ప్యాకేజీలో స్ట్రాటజీస్ అనే ఫైలు, అందులో లేజీ లోడర్ అనే క్లాసు, అందులో ఒక రికార్డు తరఫున లోడ్ చేసే ఫంక్షను. నా మటుకు నాకు మొత్తం లైబ్రరీలో అన్నిటికన్నా ఇష్టమైన పేజీ అదే. దాని పని క్వెరీ పంపడం అని పేరును బట్టి అనుకుంటాం. తెరిచి చూస్తే అందులో సింహభాగం క్వెరీ పంపకుండా ఉండటానికి కారణాలు వెతకడమే.

మొదటి ప్రశ్న: ఈ ఆబ్జెక్ట్‌కి డేటాబేస్‌లో గుర్తింపు ఉందా? లేకపోతే ఖాళీ అని చెప్పి వెనుదిరుగుతుంది. తర్వాత: ఈ లింకుని లోడ్ చేయవద్దని ప్రోగ్రామర్ ముందే కట్టడి పెట్టాడా? పెడితే ఎర్రర్. తర్వాత: ఆబ్జెక్ట్ ఏదైనా సెషన్‌లో ఉందా? విడిపోయి ఉంటే అది ఇంకో ఎర్రర్. ఆ తర్వాత ముచ్చటైన మెట్టు వస్తుంది. ఈ లింకు ఎదుటి టేబుల్ ప్రైమరీ కీ మీదే సూటిగా నిలబడిందా? మన ఆర్డర్‌కి కస్టమర్‌తో ఉన్న లింకు అలాంటిదే. అలాంటప్పుడు ఫారిన్ కీలో ఉన్న విలువే ఎదుటి మనిషి గుర్తింపు. ఆ విలువ శూన్యమైతే ఎదుట ఎవరూ ఉండే వీలు లేదు కాబట్టి, డేటాబేస్ దాకా పోకుండానే 'నన్' ఇస్తుంది. విలువ 7 అయితే ముందు తన ఐడెంటిటీ మ్యాప్‌లో వెతుకుతుంది. ఇదే సెషన్‌లో ఇంతకుముందు ఎవరైనా ఏడో కస్టమర్‌ని చదివి ఉంటే, ఆ ఆబ్జెక్టే, దాని నకలు కాదు, అదే ఆబ్జెక్ట్ తిరిగి వస్తుంది. క్వెరీ లేదు. ఇన్ని వడపోతలూ దాటాక, చిట్టచివరి వరుసలో క్వెరీ బయల్దేరుతుంది.

లింకు ఇలా ప్రైమరీ కీతో సరిపోతుందా లేదా అన్నది అడిగిన ప్రతిసారీ తేల్చరు. మ్యాపింగ్ సిద్ధమయ్యేటప్పుడే, ఈ లింకు కోసం రాయాల్సిన షరతునీ ప్రైమరీ కీతో వెతికే షరతునీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకుని గుర్తు పెట్టుకుంటుంది. లాగింగ్ ఆన్ చేస్తే, ఫలానా లింకు సెషన్ గెట్ వాడి లోడింగ్‌ని తేలిక చేస్తుందని ఒక వాక్యం కూడా కనిపిస్తుంది. పొదుపు చేస్తున్నానని చెప్పి మరీ పొదుపు చేసే రకం.

మరి 7 అని రాయగానే కస్టమర్‌ని తెచ్చిపెడితే నష్టమేమిటి? కొంచెం సేపు ఆలోచిస్తే చిక్కులు ఒక్కొక్కటే బయటపడతాయి. ఏడో కస్టమర్ కూడా ఇదే సెషన్‌లో ఇంకా పెండింగ్‌లో ఉండి, రోగా మారకపోతే? ఒకరు కస్టమర్ ఆబ్జెక్ట్‌గా ఐదో మనిషిని పెట్టి, కాలమ్‌లో 7 రాస్తే ఎవరి మాట చెల్లాలి? ఏడో కస్టమర్ ఆర్డర్ల జాబితాని ఇప్పటికే తెరిచి ఉంచితే, అందులోకి ఈ ఆర్డర్‌ని ఎవరు చేర్చాలి, పాత కస్టమర్ జాబితాలోంచి ఎవరు తీయాలి? బేయర్ వీటన్నిటికీ ఒకే దిశలో జవాబు చెప్పాడు. ఆబ్జెక్టుల మధ్య లింకు ప్రోగ్రామర్ పెడతాడు, నంబర్లు ఓఆర్‌ఎం చూసుకుంటుంది. ఐదో మనిషిని ఆబ్జెక్ట్‌గా పెట్టి కాలమ్‌లో 7 రాస్తే, ఫ్లష్‌లో ఐదే నిలుస్తుంది. నంబరు చేతికిస్తే అడ్డు చెప్పదు, రాసుకుంటుంది. కానీ దాన్నిబట్టి ఊహాగానాలు చేయదు.

ఇక ఫ్లష్ సంగతి. సెషన్‌లో ఒక కొత్త కస్టమర్, అతనికి రెండు కొత్త ఆర్డర్లు, ఒక్కో ఆర్డర్‌లో నాలుగు వస్తువులు ఉన్నాయనుకుందాం. ఏ వరసలో చేర్చినా ఫర్వాలేదు. యూనిట్ ఆఫ్ వర్క్ ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో గ్రాఫ్ గీసుకుని, టోపొలాజికల్ సార్ట్ చేసి, ముందు కస్టమర్‌ని ఇన్సర్ట్ చేస్తుంది. వచ్చిన ఐడీని రెండు ఆర్డర్ల కస్టమర్ ఐడీలో నింపుతుంది. ఆర్డర్లు వెళతాయి, వాటి ఐడీలు వస్తువుల్లోకి దిగుతాయి. ఈ నంబర్లు నింపే పనికి సింక్ అని ఒక చిన్న ఫైలే ఉంది. తల్లి రికార్డు కీని పిల్ల రికార్డులోకి కాపీ చేయడమే దాని ఉద్యోగం.

అయితే ఆ ఐడీ తిరిగి రావడం 2006లో ఇంత సులువు కాదు. ఇన్సర్ట్‌తోపాటే విలువలు వెనక్కిచ్చే రిటర్నింగ్ సదుపాయం పోస్ట్‌గ్రెస్‌కి 8.2 వెర్షన్‌తో ఆ ఏడాది చివర్లో వచ్చింది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అంతకు ముందే పుట్టింది కాబట్టి, సీక్వెన్స్‌ని ముందుగా అడిగి నంబరు తెచ్చుకుని ఆ నంబరుతో ఇన్సర్ట్ చేసే దారి దానికి తెలుసు. మైఎస్‌క్యూఎల్‌లో చివరిగా వేసిన రో ఐడీని డ్రైవర్‌ని అడిగి తెలుసుకునే దారి తెలుసు. ఎస్‌క్యూలైట్‌కి రిటర్నింగ్ 2021లో 3.35తో వచ్చింది. ఒక్కో డేటాబేస్‌తో దాని భాషలో మాట్లాడి, పైనున్న ఆబ్జెక్ట్‌కి మాత్రం ఈ గొడవ తెలియనివ్వకపోవడం ఇన్నేళ్ళుగా సాగుతున్న పని.

ఇందులో ఒక ముక్కని దగ్గరగా చూడాలి. 2023 జనవరిలో వచ్చిన 2.0 వెర్షన్, కొత్త రోలు వందల్లో ఉన్నప్పుడు వాటిని ఒకే ఇన్సర్ట్‌లో గంపగుత్తగా పంపి, ఐడీలని రిటర్నింగ్‌తో గంపగుత్తగా తెచ్చుకోవడం మొదలుపెట్టింది. డిఫాల్ట్‌గా ఒక విడతకు వెయ్యి రోల దాకా. వేగం బాగా పెరిగింది. చిక్కల్లా ఒక్కటే. వెయ్యి ఆబ్జెక్టులు వెళ్ళాయి, వెయ్యి ఐడీలు వచ్చాయి, మరి ఏ ఐడీ ఏ ఆబ్జెక్ట్‌ది? వెళ్ళిన వరసలోనే తిరిగి వస్తాయని చూసే కళ్ళకి అనిపిస్తుంది. చాలాసార్లు వస్తాయి కూడా. కానీ వస్తాయని డేటాబేసులు హామీ ఇవ్వవు. ఇక్కడ ఒక్క ఐడీ తారుమారైతే ఎర్రర్ రాదు. ఒకరి ఆర్డర్‌లోని వస్తువులు నిశ్శబ్దంగా ఇంకొకరి ఆర్డర్‌కి అతుక్కుంటాయి. లింకులు లోడ్ చేసినప్పుడు తప్పుడు మనుషులు వస్తారు, అన్నీ బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

2023 ఏప్రిల్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ విషయంలో ఈ వరస మీద నమ్మకం చెదిరింది. 2.0.9లో ఆ డేటాబేస్‌కి గుత్త ఇన్సర్ట్‌ని ఆపేశారు. ముందు ఆపి, తర్వాత బాగుచేశారు. ఆ క్రమం నాకు నచ్చింది. అదే నెలలో వచ్చిన 2.0.10లో సెంటినెల్ అనే పద్ధతితో తిరిగి తెరిచారు. పోస్ట్‌గ్రెస్‌లో అది ఎలా పనిచేస్తుందంటే, పంపే విలువల ప్రతి వరసకీ 0, 1, 2 అని ఒక లెక్క నంబరు తగిలిస్తారు. ఆ విలువల్ని నేరుగా ఇన్సర్ట్ చేయకుండా, ఒక లోపలి టేబుల్‌గా పెట్టి, ఆ లెక్క నంబరు వరసలో సెలెక్ట్ చేస్తూ ఇన్సర్ట్ చేస్తారు. దాంతో సీక్వెన్స్ నంబర్లు ఆ వరసలోనే పడతాయి. తిరిగొచ్చే రోలు ఎటు చెదిరినా సరే, ఐడీని బట్టి పైథాన్‌లో మళ్ళీ పేర్చి ఎవరిది వాళ్ళకి అప్పగిస్తారు. ఐడీ అనేది సర్వర్ యాదృచ్ఛికంగా పుట్టించే యూయూఐడీ అయితే ఈ ఉపాయం పారదు. అప్పుడు లైబ్రరీ వేగాన్ని వదిలేసి, ఒక్కో రోనే పంపే పాత దారి పడుతుంది. లేదంటే టేబుల్లో గుర్తు కోసమే ఒక కాలమ్ పెట్టుకునే వీలిస్తుంది. వేగమా, సరైన లెక్కా అని నిలదీసినప్పుడు రెండోదాని వైపు ఒరిగింది. వాడేవాళ్ళలో నూటికి తొంభైమందికి ఇది జరిగిందని కూడా తెలిసి ఉండదు.

కమిట్ దగ్గర ఇంకో నిర్ణయం ఉంది, దీని మీద తగువులు ఎక్కువ. కమిట్ అవగానే సెషన్ తన దగ్గరున్న ఆబ్జెక్టులన్నిటినీ ఎక్స్‌పైర్ చేస్తుంది. విలువలు ఖాళీ. ఆర్డర్ మొత్తం ఎంత అని అడిగితే కొత్త ట్రాన్సాక్షన్ తెరిచి, మళ్ళీ సెలెక్ట్ చేసి చెబుతుంది. ఇంజన్‌లో ఎకో ఆన్ చేసి చూడండి: బిగిన్, ఇన్సర్ట్, కమిట్, మళ్ళీ బిగిన్, సెలెక్ట్. ఇప్పుడే మనం రాసిన రోని మనమే తిరిగి చదువుతున్నాం. చూసినవాళ్ళకి దండగ అనిపించడం సహజం. కారణం మాత్రం గట్టిది. ట్రాన్సాక్షన్ నడుస్తున్నంతసేపే మన దగ్గరున్న విలువలకి డేటాబేస్ పూచీ. కమిట్ అయిన మరుక్షణం ఇంకెవరో ఆ రోని మార్చి ఉండొచ్చు, ట్రిగ్గర్ ఏదో నింపి ఉండొచ్చు, రోనే లేకుండా పోయి ఉండొచ్చు. అందుకే విలువలు పారేసి, గుర్తింపు మాత్రం ఉంచుకుంటుంది. ఆ గుర్తింపు ఆబ్జెక్ట్ కాలమ్‌లలో కాదు, దాని వెనక ఉండే స్టేట్ అనే నీడ ఆబ్జెక్ట్‌లో విడిగా దాగి ఉంటుంది. కాబట్టి ఐడీ కాలమ్ కూడా ఖాళీ అయినా, ఏ రోని తిరిగి చదవాలో సెషన్ మరిచిపోదు.

కారణం ఒప్పుకుంటూనే, డిఫాల్ట్‌గా ఇది కాస్త కటువే అంటాను. వెబ్ ఏపీఐ రాసేవాళ్ళకి రికార్డు సృష్టించాక చేసే మొదటి పనే దాన్ని జేసన్‌గా మార్చి తిప్పి పంపడం. ఆర్డర్, దాని కస్టమర్, దాని వస్తువులు. కమిట్ తర్వాత వీటిలో ఒక్కోదాన్ని తాకేకొద్దీ ఒక్కో క్వెరీ. ఈలోపు సెషన్ మూసేస్తే క్వెరీ కూడా ఉండదు, విడిపోయిన ఆబ్జెక్ట్ అని ఎర్రర్ పడుతుంది. మందు మాత్రం చేతికందే దూరంలోనే ఉంది. కమిట్ కాగానే రిఫ్రెష్‌ని పిలిచి, కావలసిన లింకుల పేర్లు ఇస్తే వాటిని అక్కడికక్కడే లోడ్ చేస్తుంది. లింకులు లోతుగా ఉంటే ఆ ఐడీతో ఒక సెలెక్ట్ రాసి, లోడింగ్ ఆప్షన్లు తగిలించి, ఉన్న ఆబ్జెక్ట్ మీదే కొత్త విలువలు నింపమని చెప్పవచ్చు. అన్నిటికన్నా సులువు, కమిట్‌కి ముందే ఫ్లష్ చేసి, జేసన్ తయారు చేసుకుని, ఆ తర్వాత కమిట్ చేయడం. ఎక్స్‌పైర్ అవడాన్నే ఆపేసే స్విచ్ ఉంది. చాలామంది తెలిసే వాడతారు, కొందరు ఎర్రర్ పోయిందని వాడతారు.

లింకుకి రెండు వైపులు ఉన్నప్పుడు జరిగే ఒక చిన్న పని గురించి చెప్పాలి. ఆర్డర్‌కి కస్టమర్, కస్టమర్‌కి ఆర్డర్ల జాబితా. పాత కస్టమర్ ఒకరు, వేలకొద్దీ ఆర్డర్లు ఉన్న మనిషి. కొత్త ఆర్డర్ తయారుచేసి అతన్ని దాని కస్టమర్‌గా పెట్టాం. రెండు వైపులూ పొంతన కుదరాలంటే అతని జాబితాలో కూడా ఈ ఆర్డర్ చేరాలి. జాబితాలో చేర్చాలంటే జాబితా ఉండాలి. ఉండాలంటే వేల రోలు చదవాలి. ఒక ఆర్డర్ కోసం అంత చదువా? ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఆ జాబితాని తెరవదు. 'తెరిచినప్పుడు ఇది కలపాలి' అని స్టేట్‌లో ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది. తర్వాతెప్పుడో ఎవరైనా ఆ జాబితా అడిగితే, డేటాబేస్ నుంచి వచ్చినవాటిలో చీటీలో ఉన్నదాన్ని కలిపి ఇస్తుంది. ఎప్పటికీ అడగకపోతే ఎప్పటికీ చదవదు. వాడేవాళ్ళు గమనించే అవకాశమే లేని చోట ఇంత ఆలోచన పెట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. 2.0లో మరో అడుగు వేసి, రాయడానికి మాత్రమే పనికొచ్చే జాబితాలనే ఇచ్చారు. వాటిలో చేర్చవచ్చు, తీయవచ్చు. జాబితా తనంతట తాను మొత్తంగా మెమొరీలోకి మాత్రం దిగదు.

ఒక్క రికార్డు దాటి వందకి వెళితే అందరికీ తెలిసిన ఎన్ ప్లస్ వన్ గోల మొదలవుతుంది. వంద ఆర్డర్లకి ఒక క్వెరీ, ఒక్కో ఆర్డర్‌లోని వస్తువులకి ఒక్కోటి చొప్పున ఇంకో వంద. దీనికి తొలినాటి జవాబు జాయిన్ చేసి ఒక్కసారే తేవడం. జాబితాల మీద జాయిన్ వేస్తే తల్లి రో పిల్లల సంఖ్యంత సార్లు పునరావృతం అవుతుంది, రెండు జాబితాలైతే గుణించుకుంటూ పోతుంది. 1.2 వెర్షన్‌తో వచ్చిన సెలెక్టిన్ లోడింగ్ ఈ చిక్కుని చాలావరకు తీర్చింది. ముందు ఆర్డర్లని చదివి, వాటి ఐడీలని 500 చొప్పున పోగుచేసి, వస్తువుల టేబుల్ని ఆ ఐడీలతో నేరుగా అడుగుతుంది. తల్లి టేబుల్ని మళ్ళీ జాయిన్ చేయనవసరం లేదు, పిల్లల రోల్లో తల్లి ఐడీ ఎలాగూ ఉంది కదా. జాబితాలకి ఈ రోజు కళ్ళు మూసుకుని వాడదగ్గది ఇదే అని నా అభిప్రాయం. పక్కనే ఉన్న రెయిజ్ లోడ్‌ని కూడా మెచ్చుకోవాలి. ముందుగా చెప్పి లోడ్ చేయని లింకుని ఎవరైనా తాకితే ఎర్రర్ వేయమని దాంతో చెప్పవచ్చు. పెద్ద టీముల్లో ఎవరో టెంప్లేట్‌లో ఒక చుక్క ఎక్కువ పెట్టి వంద క్వెరీలు పుట్టించకుండా ఇది కాపలా.

ఇదంతా కాలంతోపాటు చెడిపోకుండా ఎలా నిలిచిందో తెలియాలంటే, టెస్టులు చూడాలి. ఓఆర్‌ఎం టెస్టుల్లో ఫలితం సరిగా వచ్చిందా అని మాత్రమే చూసి వదలరు. ఈ పనికి ఎన్ని క్వెరీలు వెళ్ళాయని లెక్కపెడతారు. కస్టమర్ ఇప్పటికే సెషన్‌లో ఉంటే సున్నా అనాలి. ఒకటి వెళ్ళినా, తెచ్చిన సమాధానం సరైనదే అయినా, టెస్టు ఫెయిల్. పొదుపుని మంచి అలవాటుగా వదిలేయకుండా ఒప్పందంగా రాసుకున్నారు. ఎర్రర్లలోనూ ఇదే శ్రద్ధ. విడిపోయిన ఆబ్జెక్ట్ ఎర్రర్ కింద ఒక చిన్న కోడ్‌తో లింకు ఉంటుంది. తెరిస్తే ఎందుకు వచ్చిందో, ఎన్ని రకాలుగా సరిచేయవచ్చో పేజీడు వివరణ.

అసింక్ లోకంలోకి వచ్చేసరికి ఈ అందానికి కొంత బీట పడింది. 2021 మార్చిలో 1.4 వెర్షన్‌తో అసింక్ మద్దతు ఇచ్చారు. పాత కోడ్ అంతా తిరగరాయకుండా, గ్రీన్‌లెట్ అనే లైబ్రరీ సాయంతో, లోపల మామూలుగా నడిచే కోడ్ బయటికి అవెయిట్ చేసేలా కనబడే ఏర్పాటు చేశారు. ఉపాయంగా అది అద్భుతమే. కానీ లేజీ లోడింగ్ అంటే ఒక ఆట్రిబ్యూట్‌ని ఊరికే తాకినప్పుడు జరిగే క్వెరీ. అసింక్‌లో అవెయిట్ అనకుండా క్వెరీ వెళ్ళకూడదు. ఆ చుక్క పెట్టే చోట అవెయిట్ రాసే జాగా లేదు. ఫలితం, కమిట్ చేసి ఆర్డర్ కస్టమర్‌ని అడిగితే 'మిస్సింగ్ గ్రీన్‌లెట్' అనే ఎర్రర్. గ్రీన్‌లెట్ అంటే ఏమిటో తెలియని కొత్తవాడికి ఆ పేరు ఏ దారీ చూపదు. అసింక్‌లో ఎక్స్‌పైర్ స్విచ్ ఆపి, కావలసినవన్నీ ముందే లోడ్ చేసుకోమని డాక్యుమెంటేషనే చెబుతుంది. తర్వాత 2.0 విడతల్లో, లింకుని అవెయిట్ చేసి తెచ్చుకునే ఒక ప్రత్యేక ద్వారం కూడా పెట్టారు. పని జరుగుతుంది. మొదటి నునుపు మాత్రం లేదు.

పక్క దుకాణాల్లో ఎలా ఉందో ఓ చూపు చూస్తే ఈ ఎంపికల రంగు ఇంకా తెలుస్తుంది. జాంగోలో కస్టమర్ ఐడీ 7 అని ఇచ్చి ఆర్డర్ తయారుచేసి, సేవ్ చేయకుండానే కస్టమర్‌ని అడిగినా వెళ్ళి తెస్తుంది. సెషన్, ఐడెంటిటీ మ్యాప్ లాంటివి దానికి లేవు. నిలబెట్టుకోవాల్సిన మాటలు తక్కువ కాబట్టి ఉదారంగా ఉండగలదు. ఎలిక్సిర్ భాషలోని ఎక్టో మరో కొస. ఇన్సర్ట్ చేసి వచ్చిన ఆర్డర్‌లో కస్టమర్ స్థానంలో 'లోడ్ కాలేదు' అని చెప్పే ఒక ప్రత్యేక విలువ ఉంటుంది. కావాలంటే ప్రీలోడ్ అని నోరు తెరిచి అడగాలి. తాకితే క్వెరీ వెళ్ళడమనేదే ఆ లోకంలో లేదు. ఎక్టోది నిజాయితీ, జాంగోది సౌకర్యం. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఈ రెండిటి మధ్యా ఇరుకైన గట్టు మీద నడుస్తుంది. తాకితే తెస్తుంది, కానీ తెచ్చేది మెమొరీలో ఉన్న మిగతా ఆబ్జెక్టులన్నిటితో పొంతన కుదిరాకే తెస్తుంది. కష్టమైన దారి ఇదే. ఇన్నేళ్ళుగా అందులో జారకుండా ఉండటం నాకు ఎక్కువ మెప్పుగా కనబడుతుంది.

ఇంతా చేసి, మొదట అడిగిన కోరిక తీర్చే సాధనం లేదా అంటే, ఉంది. పెండింగ్ ఆబ్జెక్ట్‌ల మీద కూడా, ఆఖరికి సెషన్‌లో చేరని వాటిమీద కూడా లింకులు లోడయ్యేలా చేసే ఒక మెథడ్ సెషన్‌లోనే ఉంది. ఒక్కో లింకుకి విడిగా ఆ అనుమతి ఇచ్చే ఫ్లాగ్ ఇంకొకటి ఉంది. లేజీ లోడర్ వేసే మొదటి ప్రశ్నలోనే ఆ మినహాయింపు తొంగిచూస్తుంది. రెండిటి వివరణల్లోనూ ఇవి మామూలు వాడకానికి కాదని, ప్రత్యేక సందర్భాలకి మాత్రమేనని హెచ్చరిక కనబడుతుంది. ఎవరికో పాత అప్లికేషన్‌లో ఇది తప్పనిసరి అయి ఉంటుంది. వాళ్ళ కోసం తలుపు పెట్టారు, ఆ తలుపు మీదే బోర్డు కూడా రాసి పెట్టారు.